మొక్క పేరు బిల్లు మీద రాసివ్వండి: నర్సరీ, తోట యజమానులకు, అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నర్సరీలు నడుపుతున్నవారికి, "మీరే కోసుకోండి" అని బోర్డు పెట్టి తోటల్లోకి మమ్మల్ని పిలుస్తున్న యజమానులకు, ఉద్యాన శాఖ, తూనికలు కొలతల శాఖ, ఆహార భద్రత విభాగం అధికారులకు నమస్కారం.

నేను ఉండేది విజయనగరం. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు ఒక చిన్న ఊరు. ఇందులో రాసినవన్నీ నాకు, మా ఇంట్లోవాళ్లకు, మా వీధిలో ఇద్దరు ముగ్గురికి జరిగినవే. అందరి ముందు పెట్టే ముందు విడిగా చెప్పి చూశాను. మాకు ఒక రకం చెప్పి వేరే రకం మామిడి మొక్కలు అమ్మిన నర్సరీ యజమానికి ఫొటోలతో వాట్సాప్ పెట్టాను, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. రిజిస్టర్ పోస్టు పంపాను, అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. సంబంధిత ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను, మూడు వారాలకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా పొలానికి ఎవరూ రాలేదు. ఏం పరిష్కరించారో చెప్పడానికి ఎవరూ ఫోన్ కూడా చెయ్యలేదు. అందుకే ఇలా రాయాల్సి వచ్చింది.

ఆ నర్సరీ పేరు రాయడం లేదు. భయపడి కాదు, పేరు రాస్తే అది ఒక్క షాపు గొడవ అయిపోతుంది, మిగతావాళ్లంతా "మాది కాదులే" అనుకుంటారు. నేను అడిగేవి మీ అందరినీ అడుగుతున్నాను.

ముందు జరిగింది చెప్తాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఈ వైపు వాళ్లకు ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. మా నాన్నకు ఎకరంన్నర ఉంది, తాత నాటిన కొబ్బరి, మధ్యలో జీడిమామిడి, గట్టు మీద రెండు పనస చెట్లు. తెల్లారి వెళ్లి చూస్తే మానులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి పొలంలో అడుగు పెట్టడానికి దారి లేదు, పనస చెట్టు వేర్లతో సహా లేచి పక్కవాళ్ల కంచె మీద పడుంది. అవి కోయించి, లాగించి, నేల చదును చేయించేసరికే నెలలు పట్టింది. మళ్లీ కొబ్బరి పెడితే దేశవాళీ చెట్టు కాపుకు ఆరేడేళ్లు ఆగాలి, అంత ఓపిక నాకు లేదమ్మా, అంటు మామిడి అయితే నాలుగో ఏటికి కాయ చూస్తాను అని నాన్న ఒక ఎకరం మామిడి పెట్టాలనుకున్నారు. అదీ సువర్ణరేఖే కావాలన్నారు. మన దగ్గర ముందుగా బజారుకు వచ్చే కాయ అది, భుజం మీద ఎర్రగా కుంకుమ రాసినట్టు ఉంటుంది, ఒడిశా వైపు సుందరి అని అడిగి మరీ కొంటారు.

2019 జూలైలో, వానలు పట్టాక, హైవే పక్కన ఉన్న ఒక నర్సరీలో 40 అంటు మొక్కలు, అంటే నాటు మొదలుకు మంచి రకం కొమ్మ అతికించి కట్టినవి, కొన్నాం. పది మీటర్ల దూరం పెడితే ఎకరానికి 40 పడతాయి. ఒక్కోటి 180 రూపాయలు, మొత్తం 7,200. బిల్లు అడిగితే తెల్ల కాగితం ముక్క మీద "మామిడి 40" అని రాసిచ్చారు, షాపు పేరు లేదు, తేదీ లేదు, సువర్ణరేఖ అన్న మాట అసలే లేదు. "ప్రతి మొక్కకీ పేరు కట్టే ఉంది కదమ్మా" అన్నారు. నిజమే, ప్రతి మొక్కకీ చిన్న ప్లాస్టిక్ ముక్క కట్టి మార్కర్‌తో "సు.రే" అని రాసుంది. రెండు వానలకు ఆ రాత కడుక్కుపోయింది.

మొదటి ఏడాదిలోనే 11 చచ్చిపోయాయి. ఎండిపోయినదాన్ని ఒకదాన్ని నాన్న చేత్తో పట్టుకుని లాగితే ఊడి వచ్చేసింది, మేం నాటిన రోజు కవర్లో ఎలా ఉందో అలాగే, నల్లటి ఒండ్రు మట్టి ముద్ద, రాయిలా గట్టిపడి. ఏడాదిలో ఒక్క వేరు కూడా ఆ ముద్ద దాటి మా ఇసుక నేలలోకి పోలేదు. మేం నీళ్లు పోస్తే పక్క ఇసుక తాగేసింది, ముద్ద లోపలికి తడి చేరలేదు. ఈ మొక్కలు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయని, అక్కడి గోదావరి మట్టి వేరు, మన ఉద్దానం నేల వేరు అని, నాటే ముందు ముద్దను నీళ్లలో నానబెట్టి కాస్త వదులు చెయ్యాలని కొన్న రోజు ఒక్క ముక్క చెప్పుంటే ఆ 11లో సగమన్నా బతికేవి. కడియం నర్సరీలను నేను తప్పు పట్టడం లేదు, ఆ మొక్క మీద బతుకుతున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తెచ్చి ఇక్కడ అమ్మేవాళ్లు ఇక్కడి నేల సంగతి చెప్పాలి కదా అంటున్నాను.

మిగిలిన 29 చెట్లనూ నాన్న బిడ్డల్లా పెంచారు. మొదటి రెండు వేసవులు బిందెలతో నీళ్లు మోశారు. మొదట్లో వచ్చిన పూత, చెట్టు బలపడాలని తుంచేశారు. 2025 వేసవిలో, అంటే ఆరో వేసవికి, చేతికి కాపు వచ్చింది. అమ్మ ఎండుగడ్డిలో మగ్గబెట్టి, నేను పిల్లల్ని తీసుకుని వెళ్లిన రోజు వరండాలో చాప వేసి కోసింది. మొదటి పండు మంచిదే. రెండోది కోస్తే చాకు సగంలో ఆగిపోయింది, లాగితే చాకుకు పీచు చుట్టుకుని వచ్చింది, పుల్లటి వాసన. మూడోదీ అంతే. నాన్న ఏమీ అనలేదు. లేచి తోటలోకి వెళ్లి ఒక్కో చెట్టు మొదట్లో కూర్చుని అంటు కట్టిన మచ్చ ఎక్కడుందోనని వేళ్లతో తడిమి చూశారు. చీకటి పడేదాకా ఇంటికి రాలేదు.

లెక్క ఇదీ: 29లో 12 సువర్ణరేఖ. 17 ఏవో పీచు కాయలు, బజార్లో వాటికి అడిగేవాడు లేడు. ఇందులో కొన్నింటికి అంటు కింద నుంచి వచ్చిన చిగురే చెట్టయి ఉండొచ్చు, అది మీరు తుంచుకోవాల్సింది అని మీరంటే ఆ మేరకు ఒప్పుకుంటాను. అంటు కింద చిగురు వస్తే తుంచెయ్యాలని కూడా మాకు ఎవరూ చెప్పలేదన్నది మాత్రం మీరు ఒప్పుకోవాలి.

అదే నర్సరీవాళ్లు తర్వాత వెనక ఉన్న మామిడి తోటను "మీరే కోసుకోండి" అని తెరిచారు, ముందు భాగంలో ఫార్మ్ షాప్ పెట్టారు. మా పిల్లలు అపార్ట్‌మెంట్‌లో పెరుగుతున్నారు, కాయ చెట్టున ఎలా ఉంటుందో చూస్తారని ఆ వేసవిలోనే, మా సొంత కాపు కోసుకోక ముందు, ఒక ఆదివారం వెళ్లాం. బాగోలేదని చెప్పను. మా చిన్నాడు చిక్కం కర్ర పట్టుకుని, తల పైకెత్తి, నోరు తెరుచుకుని, పది నిమిషాలు పోరాడి ఒక్క కాయను వలలో పడేసుకున్నప్పుడు వాడి ముఖం చూస్తే ఇచ్చిన డబ్బులన్నీ అక్కడే వచ్చేశాయి అనిపించింది. ఇలాంటి తోటలు మన జిల్లాల్లో ఇంకా రావాలి. రైతుకు దళారీ లేకుండా రేటు వస్తుంది, టౌన్లో పిల్లలకు చెట్టు తెలుస్తుంది. బతకాలి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక నా మాటలు, ఒక్కొక్కటిగా.

1. మొక్క రకం పేరు, ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ రోజు అమ్మారో బిల్లు మీద రాసివ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చీర రంగు వెలిస్తే రెండు ఉతుకుల్లో తెలుస్తుంది, మిక్సీ పాడైతే నెలలో తెలుస్తుంది. మొక్క రకం తప్పని తెలియడానికి నాలుగేళ్లు, ఆరేళ్లు పడుతుంది. అప్పటికి ప్లాస్టిక్ ముక్క ఉండదు, చీటీ ఉండదు, అమ్మిన కుర్రాడు ఉండడు, ఒక్కోసారి షాపే ఉండదు. "మొక్కకు ప్రాణం ఉంటుందమ్మా, గ్యారంటీ ఎలా ఇస్తాం?" అని యజమాని నాతో ఫోన్లో అన్న మాట నేను మర్చిపోలేదు, ఆ మాటలో నిజం కూడా ఉంది. బతుకుతుందని గ్యారంటీ నేను అడగడం లేదు. వాన, ఎండ, చీడ, మా చేతకానితనం అన్నీ ఉంటాయి. మీరు చెప్పిన పేరు నిజమని మాత్రం రాసివ్వమంటున్నాను, దానికి ప్రాణంతో సంబంధం లేదు.

మా నష్టం 17 మొక్కల ఖరీదు 3,060 రూపాయలు అని లెక్క వేసి, పోనీ ఇంకో 17 మొక్కలు పట్టుకెళ్లండి అంటే ఎలా? గుంతలు తీయించిన కూలి, పశువుల ఎరువు, ముళ్ల కంచె, నీళ్లు మోసిన చేతులు, ఆరేళ్లపాటు ఆ నేల ఇంకేదీ పండించకుండా ఆగిపోవడం, ఇవన్నీ ఎవరు లెక్క వేస్తారు? నాన్న వయసు 68. ఆ చెట్లు కొట్టేసి కొత్తవి పెడితే మళ్లీ నాలుగేళ్లు. ఉన్న మొదళ్ల మీద సువర్ణరేఖ కొమ్మ అంటు కట్టించుకోవచ్చని తెలిసినవాళ్లు చెప్పారు, దానికి మంచి పనివాడు కావాలి, చెట్టుకింత అని ఖర్చు. కనీసం ఆ ఖర్చు భరించమని యజమానికి రాశాను. దానికే జవాబు రాలేదు.

ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్, నియంత్రణ కోసం మన రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. లైసెన్సు ఉన్న నర్సరీ ఆ కాగితాన్ని గేటు దగ్గర కనబడేలా పెట్టడానికి ఖర్చేముంది? నేను గత రెండు నెలల్లో హైవే మీద తొమ్మిది నర్సరీల దగ్గర ఆగి చూశాను, ఒక్కచోట మాత్రమే గోడకు కనబడింది. మిగతావాళ్లకు లేదని నేను అనడం లేదు, మాకు కనబడలేదంటున్నాను.

2. మామూలు బిల్లు.

వంద రూపాయల మందార మొక్క కొన్నా, వెయ్యి రూపాయల మామిడి పండ్లు కొన్నా అచ్చు వేసిన బిల్లు ఇవ్వండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతుల్లో ఒకటి. "బిల్లు అయితే రేటు వేరేగా ఉంటుంది" అనే మాట మా పక్కింటి ఆవిడ గులాబీ మొక్కలు కొన్నప్పుడు విన్నారు, నేనూ విన్నాను.

3. తూకం.

తోటలో కాయలు కోసుకోవడానికి ప్లాస్టిక్ బుట్ట ఇస్తారు. బయటికి వచ్చేటప్పుడు ఆ బుట్టతో సహా కాటా మీద పెడతారు. మాకు 6 కిలోల 400 గ్రాములు వచ్చింది, కిలో 80 చొప్పున 512 రూపాయలు తీసుకున్నారు. ఇంటికి వచ్చి అనుమానంతో మా వీధి కిరాణా కొట్లో తూకం వేయిస్తే అయిదున్నర కిలోలు. 900 గ్రాములు, అంటే 72 రూపాయలు, బుట్టకు కట్టాను. ఆ ఒక్క ఆదివారమే మా ముందు, మా వెనక కలిపి ముప్పై కుటుంబాలైనా ఉంటాయి. ముందు ఖాళీ బుట్ట పెట్టి సున్నా చేసి, తర్వాత కాయలు వెయ్యాలి, సంతలో కూరగాయలమ్మే ముసలామె కూడా తట్ట బరువు తీసి లెక్క కడుతుంది. కాయకు జానెడు కొమ్మ, ఆకులు ఉంటే అవి కూడా తూకంలో కలిపేస్తున్నారు. సొన కారకుండా కాస్త తొడిమ ఉంచి కోయమంటారు, సరే, అది పద్ధతే, మిగతా కొమ్మ కత్తిరించి తూచండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తనిఖీ, ముద్ర ఉండాలి, ఆ సర్టిఫికెట్ కాటా పక్కనే అతికించండి. తూనికలు కొలతల శాఖ వారికి నా మనవి ఏంటంటే మీ తనిఖీలు బంగారు షాపులు, పెట్రోలు బంకులతో ఆగిపోకుండా ఏప్రిల్, మే నెలల్లో ఆదివారాలు ఈ తోటలకు కూడా రావాలి.

4. మందు కొట్టిన తేదీ గేటు దగ్గర రాయాలి.

ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. మా చిన్నాడు కోసిన కాయను చొక్కాకు తుడుచుకుని అక్కడే కొరికేశాడు. పిల్లలు అలాగే చేస్తారు, "మీరే కోసుకోండి" అని పిలిచాక అక్కడే తినేవాళ్లు ఉంటారని మీకూ తెలుసు. కాసేపటికి ఆకుల మీద తెల్లటి చుక్కలు ఆరిపోయి ఉండటం మా అత్తగారు చూశారు, ఆవిడ పొలం చేసిన మనిషి. అక్కడ పనిచేసే అబ్బాయిని అడిగితే "మొన్న బుధవారం కొట్టామండి, కాయకి ఈగ పడుతోందని" అన్నాడు. ఆదివారం మేం వెళ్లాం. ఏ మందు అని అడిగితే వాడికి తెలియదు, డబ్బా మీద ఎర్ర గుర్తు ఉందో పచ్చ గుర్తు ఉందో కూడా చెప్పలేకపోయాడు. కుళాయి కోసం వెతికితే బోరు దగ్గరికి రెండు వందల గజాలు నడవాలి. పిల్లాడిని ఎత్తుకుని పరుగెత్తి నోరు కడిగించాను. వాడికి ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆ రాత్రంతా వాడి నుదురు ముట్టుకుని చూస్తూ కూర్చున్నాను, ఆ టెన్షన్ ఏ తల్లికీ వద్దు.

పూత మీద తేనెమంచు పురుగు వస్తుంది, కాయ మీద పండు ఈగ వస్తుంది, మందు కొట్టకుండా మామిడి పండించడం ఎంత కష్టమో రైతు కూతురిని, నాకు తెలుసు. మందు డబ్బాతో ఇచ్చే కాగితంలోనే, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో రాసి ఉంటుంది. ఆ రోజులు నిండేదాకా ఆ మడిని తాడు కట్టి మూసెయ్యండి. గేటు దగ్గర పలక మీద సుద్దముక్కతో "ఫలానా వైపు ఫలానా తేదీన ఫలానా మందు కొట్టాం" అని రాయండి. గేటు దాటగానే కుళాయి కనబడేలా పెట్టండి, "కడిగి తినండి" అని రాయండి. పోయేదేమీ లేదు, ఒక సుద్దముక్క.

5. షాపులో ఉన్నవన్నీ "మా తోటవి" అనకండి.

తోటలో ఒక్క పండు పండకముందే షాపులో బుట్టల నిండా ఒకే పసుపు రంగులో పండ్లు పెట్టి "చెట్టు మీద పండినవి" అని అమ్ముతున్నారు. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, ఇథిలీన్ వాయువు అయితే పరిమితిలో వాడుకోవచ్చు. ఎలా మగ్గబెట్టారో, ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పి అమ్మితే కొనేవాళ్లం కొంటాం. పచ్చళ్ల సీసాల మీద తయారుచేసిన తేదీ లేదు, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు లేదు.

జీడిపప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మా ప్రాంతం పరువు. "పలాస జీడిపప్పు, డబ్ల్యూ 240" అని రాసిన అరకిలో ప్యాకెట్టు కొన్నాను. డబ్ల్యూ పక్కన ఉండే అంకె పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు (విరగని పప్పులు) తూగుతాయో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, రేటు ఎక్కువ. 240 అంటే అరకిలోకు మహా అయితే 265 గుండ్లు రావాలి. మా అమ్మ చిన్నప్పుడు జీడి బట్టీలో పని చేసింది, ప్యాకెట్టు చేతిలోకి తీసుకోగానే "ఇది 320 అమ్మా" అంది. నమ్మక వంటింట్లో పళ్లెంలో పోసి పదేసి చొప్పున లెక్కపెట్టాం, 338 వచ్చాయి. అంటే అమ్మ చెప్పిందే నిజం, అది 320 రకం, తక్కువ రేటు పప్పు. పలాసలో ఆడవాళ్లు రోజంతా కూర్చుని, జీడి సొనతో వేళ్లు నల్లబడిపోయేలా తొక్క ఒలిచి, గుండు విరగకుండా పొర తీసి ఆ పేరు తెచ్చారు. ప్యాకెట్టు మీద తప్పు అంకె వేస్తే మోసపోయినవాళ్లు షాపును తిట్టరు, "పలాస పప్పు కూడా ఇంతే" అంటారు.

6. ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు కనీస సౌకర్యం. తలకి 50 రూపాయల టికెట్టు తీసుకున్న చోట తలుపుకు గడియ ఉన్న టాయిలెట్ లేదు. మా అత్తగారు మధుమేహం మనిషి, గంటన్నర ఓర్చుకుని కూర్చున్నారు, తర్వాత కారెక్కి పెట్రోలు బంకు కోసం వెతుక్కున్నాం. ఒక గది, ఒక డ్రమ్ము నీళ్లు, నీడలో రెండు బల్లలు. ఇవి లేకపోతే టికెట్టు పెట్టకండి.

7. ఫోన్లో చెప్పిన రేటు, గేటు దగ్గర రేటు ఒకటే ఉండాలి. టికెట్టు డబ్బులు కాయల బిల్లులో తగ్గిస్తామని ఫోన్లో చెప్పి, వెళ్లాక "అది పోయిన వారం ఆఫర్" అన్నారు. అయిదుగురికి 250. గేటు బయట బోర్డు మీద రాయండి, చాలు.

8. పనివాళ్లను బలి చెయ్యకండి.

మా 17 చెట్ల సంగతి అడగడానికి నర్సరీకి వెళ్లినప్పుడు అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి "లారీ దిగినప్పుడు అన్నీ కలిసిపోతాయమ్మా, ఏ కట్ట ఏదో మాకే తెలీదు, చీటీ ఏది కట్టమంటే అది కడతాం" అన్నారు. చెప్పేటప్పుడు అటూ ఇటూ చూస్తూనే ఉన్నారు. ఈ లేఖ చదివి ఆయన ఎవరా అని వెతక్కండి. లారీ దిగేటప్పుడే రకం వారీగా వేరు చేసి, చెరగని అక్షరాలతో చీటీలు కట్టించే పని యజమానిది. ఆ పనివాళ్లకు రకాలు, నేలలు, మందుల జాగ్రత్తలు నేర్పించండి, అలా నేర్చుకున్న మనిషి ఒక్కరున్నా కొనేవాళ్లకు సగం బెంగ పోతుంది. మందు కొట్టే కుర్రాడికి చేతికి తొడుగులు లేవు, మూతికి గుడ్డ కూడా లేదు, అది కూడా నేను కళ్లతో చూశాను.

9. ఒక మాట మన కస్టమర్లకు కూడా.

ఆ ఆదివారం కాయ అందలేదని కొమ్మ వంచి విరిచినవాళ్లను చూశాను, పచ్చికాయ కోసి ఒక్క కొరుకు కొరికి పుల్లగా ఉందని పారేసి ఇంకోటి కోసినవాళ్లను చూశాను, చెట్ల కింద చిప్స్ ప్యాకెట్లు వదిలి వెళ్లినవాళ్లను చూశాను. భుజాలు నిండని, అంటే ఇంకా ముదరని కాయ కోస్తే అది మగ్గదు, ముడుచుకుపోతుంది, రైతుకూ నష్టం మనకూ నష్టం. కోసింది కొనాలి. విరిచినదానికి డబ్బులు కట్టించుకుంటామని యజమానులు నియమం పెడితే నేను వాళ్ల పక్షాన ఉంటాను.

ఇక అధికారులకు విడిగా.

విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ రైతులు మన ఉమ్మడి రాష్ట్రం వాళ్లే. మొక్క కొన్న రైతుకూ అదే న్యాయం జరగాలి కదా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చని, అయిదు లక్షల లోపు కొనుగోలు అయితే ఫీజు లేకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని నేను చదివి తెలుసుకున్నాను. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు. మామిడి మొక్క విషయంలో ఆ కారణం ఎప్పుడు పుట్టినట్టు, కొన్న రోజా, కాయ కోసిన రోజా? ఈ ఒక్క ప్రశ్న వాదించుకోవడానికే లాయరు కావాలి, మా నాన్నలాంటి మనిషి కవిటి నుంచి శ్రీకాకుళానికి బస్సు చార్జీలు పెట్టుకుని ఎన్ని వాయిదాలకు తిరుగుతాడు? అందుకే తగువు వచ్చాక కాదు, అమ్మే దగ్గరే కట్టడి ఉండాలని అడుగుతున్నాను.

మీరు చెయ్యాల్సినవి నాలుగున్నాయి. రెండు జిల్లాల్లో లైసెన్సున్న నర్సరీల జాబితా ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. వానలు పడి మొక్కల అమ్మకాలు మొదలయ్యే జూన్‌లోపు ఒకసారి ప్రతి నర్సరీకీ వెళ్లి తల్లి చెట్ల (అంటు కట్టడానికి కొమ్మలు తీసే చెట్ల) రికార్డు, చీటీలు, బిల్లు పుస్తకం చూడండి. రకం మోసం జరిగిందని రైతు అర్జీ ఇస్తే పదిహేను రోజుల్లో ఒక ఉద్యాన అధికారి పొలానికి వచ్చి చెట్టు చూసి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి, ఆ కాగితం చేతిలో ఉంటే రైతు ఎక్కడైనా నిలబడగలడు. పొలం చూడకుండా అర్జీని "పరిష్కరించబడినది" అని మూసెయ్యడం ఆపండి. నా అర్జీ తిరిగి తెరవండి, రసీదు నా దగ్గరే ఉంది.

నర్సరీ యజమానులకు ఇంకొక్క మాట. మా నాన్న మీ మీద కోపంగా లేరు, ఆ 12 చెట్ల పండు తింటూ "మంచి అంటు కట్టిన చెయ్యి ఎవరిదో" అంటారు. చచ్చిపోయిన ఆ 11 గుంతలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి, ఈ జూన్‌లో, మృగశిర వానలకు, వాటిలో మళ్లీ సువర్ణరేఖే పెడతానంటున్నారు. ఆయన్ని వెంటబెట్టుకుని మీలో ఎవరో ఒకరి దగ్గరికే వస్తాను. 11 మొక్కలు, రకం సువర్ణరేఖ, తెచ్చిన ఊరు, తేదీ, మీ సంతకం. బిల్లు మీద ఇవి రాసిచ్చే నర్సరీ మన రెండు జిల్లాల్లో ఏదైనా ఉంటే దయచేసి ముందుకు వచ్చి చెప్పండి.

ఇట్లు,
ఉద్దానం రైతు కూతురు,
విజయనగరం